రక్షబిళ్ళ

శ్రీకర్ ఇంటికొచ్చిన రోజున హిమజకి రెండు పనులు ఎక్కువవుతాయి. ఒకటి, అతను బ్యాగులో కుక్కుకొచ్చిన బట్టలన్నీ ఉతకడం. రెండోది, ఉతుకుతున్నంతసేపూ మొహం నవ్వుతూ పెట్టుకోవడం. మొదటిదానికి ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది గానీ, మగవాడి కాలరు చేత్తో రుద్దితేనే తెల్లబడుతుందని అత్తగారు దాన్ని దుప్పట్లకే ఉంచింది. రెండోదానికి ఇంతవరకూ ఎవరూ మెషీన్ కనిపెట్టలేదు.

"ఇన్నాళ్ళకి మొగుడొస్తే ఆ మొహమేంటమ్మాయ్, అలా పెట్టావు?" అంది రత్నమాణిక్యం, పెరటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "శుక్రవారం ఏలూరు వెళ్తున్నాం. డాక్టరమ్మగారికి ఫోన్ చేయించాను. వాడు మళ్ళీ వెళ్ళేలోపు నీ కడుపు పండాలి. ఈసారైనా జాగ్రత్తగా నిలబెట్టుకో."

నిలబెట్టుకోవాలట. సంతలో గుడ్లబుట్ట కింద పడేసుకుని వచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది. హిమజ సబ్బు నురగలోకి చూస్తూ "అలాగే అత్తయ్యా" అంది. ఆ ఇంట్లో ఆమె ఎక్కువసార్లు వాడిన మాట అదే.

మండవల్లిలో అందరికీ తెలిసినంతవరకూ శ్రీకర్‌ది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. రత్నమాణిక్యం అలాగే చెబుతుంది. పెళ్ళిచూపుల్లో హిమజ వాళ్ళ నాన్నకీ అలాగే చెప్పింది. నిజానికి అతను ఏలూరులో ఐటీఐ చదివిన వెల్డరు. వేరే రాష్ట్రంలో సముద్రపొడ్డున ఉన్న ఒక అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. అది ఏడాది పొడవునా ఉండే పని కాదు. రియాక్టరు ఆపి మరమ్మతులు చేసే రోజులుంటాయి, షట్‌డౌన్ అంటారు. అప్పుడు ఇలాంటివాళ్ళని వందలమందిని లోపలికి పంపుతారు. లోపల రేడియేషన్ ఉంటుంది కనక, ఒక మనిషి ఒంటికి ఏడాదికి ఇంతే అని ఒక హద్దు పెట్టారు. అది నిండితే ఇక ఆ మనిషిని ఇంటికి పంపేస్తారు. 'డోసు నిండింది' అంటారు వాళ్ళు, బిందె నిండింది అన్నంత తేలిగ్గా. ఇదంతా హిమజకి పెళ్ళయిన ఆర్నెల్లకి గానీ తెలియలేదు. తెలిశాక అడిగితే, కరెంటు తయారయ్యేచోట పని కరెంటు పని కాక ఇంకేమవుతుందని అత్తగారు ఎదురడిగింది.

పెళ్ళైన కొత్తలో అతని బట్టలు ముట్టుకోవడానికి భయపడి ఒకసారి అడిగింది. శ్రీకర్ నవ్వి, లోపల వేసుకునే బట్టలు వేరనీ, బయటికొచ్చేటప్పుడు అవి అక్కడే విడిచేసి స్నానం చేసి వస్తామనీ చెప్పాడు. మరి వాటిని ఎవరు ఉతుకుతారండీ అంది హిమజ. అతను ఆలోచించాడు. అన్నేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నాడు గానీ ఆ ప్రశ్న అతనికెప్పుడూ రాలేదు. లాండ్రీ ఉంటుంది, కాంట్రాక్టు ఆడవాళ్ళెవరో ఉతుకుతారు అన్నాడు చివరికి. ఆ ఆడవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో హిమజకి తెలియదు. బట్టలు పిండుతున్నప్పుడల్లా మాత్రం వాళ్ళు గుర్తొస్తారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు పట్టాభిరామయ్య చేపల చెరువు సంగతులు చెప్పుకొచ్చాడు. మొన్నటి ఎండాకాలం నీళ్ళు ఉడికినట్టయి, అదే వేళకి కరెంటు పోయి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతే, తెల్లారేసరికి శీలావతి చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. అంతకుముందొచ్చిన వరదకైతే కొల్లేరు పొంగి గట్లు తెగి చెరువుకి చెరువే కొట్టుకుపోయింది. ఇలాంటి ఎండలూ ఇలాంటి వానలూ తన చిన్నప్పుడు లేవన్నాడాయన.

"బొగ్గు తగలేస్తే మరేమవుద్ది నాన్నా" అన్నాడు శ్రీకర్, పులుసులోంచి బొచ్చె చేప ముక్క తీసుకుంటూ. "మా దగ్గర పొగ అనేదే ఉండదు. గాలిమరలు గాలి లేకపోతే తిరగవు, సోలార్‌కి పొద్దు గుంకితే సరి. మాది రాత్రీ పగలూ ఆగదు. ఇంతకన్నా శుభ్రమైన కరెంటు ఇంకోటి లేదు."

అతను అబద్ధం చెప్పడం లేదని హిమజకి తెలుసు. ఆమె బీఎస్సీ చదివింది, పెళ్ళికి ముందు గుండుగొలను దగ్గర స్కూల్లో పాఠాలు కూడా చెప్పింది. ఆ ఎండల్లో తనూ రేకుల వంటింట్లో సొమ్మసిల్లి పడింది. ఫ్యాను తిరగాలని ఆమెకీ ఉంటుంది, చెరువులో చేపలు బతకాలని ఉంటుంది. కానీ శుభ్రం అనే మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది, గరిటెలో పులుసు అలాగే ఉండిపోయింది. మగవాళ్ళకి వంటంటే కూర పొయ్యి మీద ఉన్నంతసేపే. బియ్యంలో రాళ్ళేరడం, చేప తోమి పొలుసు గీకడం, తిన్నాక అంట్లు తోమడం, పొయ్యిలో బూడిదెత్తడం, ఇవేవీ వంట కిందకి రావు. వాటిని ఎవరో చేస్తారు. అణు కరెంటూ అంతేనేమో. ఎక్కడో యురేనియం తవ్వే ఊళ్ళో ఎవరో దుమ్ము పీలుస్తారు, తవ్విపోసిన మట్టి పక్కన ఎవరో నీళ్ళు తోడుకుంటారు. ఎవరో బట్టలుతుకుతారు. పొయ్యి మండినంతసేపూ పొగ రాదు, నిజమే. కానీ ఆ పొయ్యిలో బూడిద సంగతేంటి?

"కాలిపోయిన ఇంధనం ఏం చేస్తారండీ?" అని అడిగింది, పులుసు వడ్డిస్తూ.

నీళ్ళతొట్లో పెడతారట. అది చల్లారడానికే ఏళ్ళు పడుతుందట. ఆ తర్వాత కూడా వేల ఏళ్ళపాటు ఎవరికీ అంటకుండా దాచాలట. ఎవరు దాస్తారు అంటే గవర్నమెంటు అన్నాడు. వేల ఏళ్ళూ గవర్నమెంటు ఉంటుందా అంటే తండ్రీకొడుకులిద్దరూ నవ్వారు. "అమ్మాయికి చదువెక్కువైంది" అన్నాడు పట్టాభిరామయ్య, ముద్దుగానే. కోడలి ప్రశ్నని పిల్లదాని మాట కింద తీసెయ్యడం ఆయనకి వచ్చిన విద్య. ఎవరో ఒకరు కూచుని కాపలా కాయాల్సిందే కదా, ఆ పని కూడా జీతం లేకుండా ఏ కోడలికో అప్పజెబుతారు అనుకుంది హిమజ.

అంటు అనే మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. నెలకి మూడు రోజులు హిమజ ఆవకాయ జాడీ ముట్టుకోకూడదు, దేవుడి గది ముందు నుంచి నడవకూడదు. కడుపు పోయినప్పుడైతే పురుడు కాని పురుడు అని ఇంకా ఎక్కువ రోజులు వసారాలోనే ఉంచారు. కంటికి కనబడని మైల ఏదైనా ఉంటే అది ఆడదాని ఒంటినే ఉంటుందని రత్నమాణిక్యానికి గట్టి నమ్మకం. కంటికి కనబడనిది కొడుకు ఒంటి మీదకి కూడా రావచ్చని ఆమెకి ఎవరు చెబుతారు.

కడుపు రెండుసార్లు పోయింది. మొదటిసారి మూడో నెలలో పోతే, మెట్లు ఎక్కువ ఎక్కిందన్నారు. రెండోసారి నెల తప్పినప్పుడు శ్రీకర్ ఇంట్లోనే ఉన్నాడు, డోసు నిండి వచ్చాడు. ఆసారి గేటు దగ్గర తిరిగి ఇచ్చెయ్యాల్సిన బ్యాడ్జి మరిచిపోయి చొక్కా జేబులోనే పెట్టుకుని రైలెక్కేశాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, క్లిప్పున్న ప్లాస్టిక్ బిళ్ళ. ఇదేంట్రా అని తల్లి అడిగితే, "ఇది పెట్టుకునే లోపలికెళ్తామమ్మా. ఇది ఉంటే మాకేం భయం లేదు" అన్నాడు. తల్లి బెంగపెట్టుకోకూడదని అన్న మాట అది. ఆ తర్వాత సైటుకి వెళ్ళి, పోయిందని చెప్పి కొత్తది తీసుకున్నాడు.

రత్నమాణిక్యం ఆ బిళ్ళని కళ్ళకద్దుకుంది. అంత అణుశక్తినే ఆపే బిళ్ళ, కడుపులో పిండాన్ని కాపాడదా? పసుపు గుడ్డలో చుట్టి, దేవుడి దగ్గర పెట్టి, కోడలి నడుముకి పిన్నీసుతో తగిలించింది. స్నానానికి తప్ప తియ్యొద్దంది. హిమజకి అది వింతగా తోచింది. చదువుకున్నదే గానీ అణు కేంద్రం పాఠం ఎవరూ చెప్పలేదు కదా, లోపల ఏదో ఆపే పదార్థం ఉంటుంది కాబోలు అనుకుంది. భయంలో ఉన్న మనిషికి ఏ గడ్డిపోచ దొరికినా చాలు. శ్రీకర్ రోజూ ఆమె నడుము దగ్గర ఆ పసుపు మూట చూసేవాడు. ఒకసారి దాన్ని వేలితో తట్టి "మా అమ్మ తక్కువది కాదు" అని నవ్వాడు. అంతే, ఇంకేమీ అనలేదు. అతను సైటుకి వెళ్ళిపోయాక, నాలుగో నెలలో, పసుపు మూట నడుముకి ఉండగానే ఆ బిడ్డా పోయింది.

"అంత రక్ష కట్టినా నిలవలేదంటే లోపం గర్భసంచిలోనే ఉంది" అంది రత్నమాణిక్యం, పరామర్శకొచ్చిన వాళ్ళందరి ముందూ. ఆ మాట హిమజకి చెవిలో కాదు, పొత్తికడుపులో వినబడింది.

తర్వాత పుట్టింటికి, గుండుగొలను వెళ్ళింది. అక్కడికి షారోన్ చూడ్డానికొచ్చింది. షారోన్ భర్త దేవసహాయం ఆ ఊరివాడే. శ్రీకర్‌ని మొదటిసారి ఆ కేంద్రానికి తీసుకెళ్ళింది అతనే. ఇప్పుడతనికి రక్తంలో జబ్బు. నెలకోసారి ఆమే అతన్ని గుంటూరు తీసుకెళ్ళి రక్తం ఎక్కించుకొస్తోంది. అది ఆ పని వల్ల వచ్చిందో, మరి దేనివల్ల వచ్చిందో చెప్పలేమన్నారట డాక్టర్లు. కాంట్రాక్టరు మాత్రం చెప్పాడట, బ్యాడ్జిలో చాలా తక్కువ నమోదైంది కాబట్టి మాకు సంబంధం లేదని. హిమజ పాపం అనుకుని, "బ్యాడ్జి పెట్టుకున్నా కాపాడలేదా అండీ?" అని అడిగింది.

షారోన్ ఆమె వంక వింతగా చూసింది.

"అదేం కాపాడద్దండీ. ఒంటికి ఎంత తగిలిందో అది నమోదు చేసుకుంటదంతే. మా వంటింట్లో గోడ గడియారం ఉంది, అది ఉంటే అన్నం మాడకుండా ఉంటదేటండీ?" అంది. మళ్ళీ తనే అంది. "అది కూడా వీళ్ళు సరిగ్గా పెట్టుకున్నది లేదు. డోసు నిండితే ఇంటికి పంపేత్తారని, ఎక్కువుండే చోటికి వెళ్ళేముందు తీసి కొక్కేనికి తగిలించి వెళ్ళేవోరంట. మా ఆయన, మీ ఆయన, అందరూనండి. కొక్కేనికి వేలాడేదాంట్లో ఎంతుంటదండీ మరి?"

ఆ రోజు హిమజ ఏడవలేదు. షారోన్ వెళ్ళాక పసుపు మూట విప్పి, బిళ్ళని అరచేతిలో పెట్టుకుని చూసింది. బిడ్డ పోయినందుకు అప్పటికే కావలసినంత ఏడ్చింది. ఇప్పుడొచ్చింది వేరే బాధ. అతనికి తెలుసు. అది దేనికీ పనికిరాదని అతనికి మొదటి నుంచీ తెలుసు, తెలిసీ దాన్ని వేలితో తట్టి నవ్వాడు. ఆమె దాన్ని నమ్ముకుని బతుకుతుంటే అతనికి సరదాగా ఉంది. ఫోన్‌లో అడుగుదామంటే, మండవల్లిలో ఫోనెప్పుడూ అత్తగారి చెవి పక్కనే మోగుతుంది. అలా ఆ ప్రశ్నని ఇన్ని నెలలూ నోట్లోనే పెట్టుకుని తిరిగింది.

గురువారం పొద్దున్న అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు అడిగింది. శ్రీకర్ వసారాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏవండీ, నా నడుముకి ఆ బిళ్ళ కట్టినప్పుడు అది రక్ష కాదని మీకు తెలుసు కదండీ?"

అతని చెయ్యి ఆగింది. అద్దంలోంచే చూశాడు.

"అమ్మ సరదా పడింది, పోన్లే అని ఊరుకున్నాను. నీకూ కాస్త ధైర్యంగా ఉంటదనుకున్నాను హిమా."

"మీరు దాన్ని కొక్కేనికి తగిలించి వెళ్ళేవారట. అది ఎవరి ధైర్యం కోసమండీ?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, సగం గడ్డం అలాగే ఉంది. ఎవరు చెప్పారని అడిగాడు ముందు. ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాడు. పని మానేసి ఇంట్లో కూచుంటే ఇల్లెలా గడుస్తుందన్నాడు, పెద్ద ఇంజనీర్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారన్నాడు, విమానమెక్కినా ఎక్స్‌రే తీసినా రేడియేషన్ ఉంటుందన్నాడు. దానికీ కడుపు పోవడానికీ సంబంధం ఉందని ఏ సైంటిస్టూ రుజువు చెయ్యలేదన్నాడు. బహుశా అందులో చాలావరకూ నిజమే. హిమజ దేనికీ ఎదురు చెప్పలేదు.

"నేను మీ వల్లే పోయిందనడం లేదండీ. నా వల్లే పోయిందని ఎలా తేల్చారని అడుగుతున్నాను" అంది. "రెండుసార్లూ నాకే స్కానింగులు, నాకే సూదులు. మిమ్మల్ని డాక్టరు ఒక్క మాటైనా అడిగారా? ఒక్కసారి మీరూ చూపించుకోండి."

శ్రీకర్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వీధి వైపు తొంగి చూశాడు. చివరికి, "ఇలాంటివి అమ్మ దగ్గర అనకు" అన్నాడు. "ఊళ్ళో తెలిస్తే నేను తలెత్తుకోలేను." సగం గడ్డం పూర్తిచేసుకోవడానికి అద్దం వైపు తిరిగాడు. అతని తల దించుకోవాల్సి వస్తుందేమోనన్న భయం ముందు, రెండేళ్ళుగా దించుకునే ఉన్న ఆమె తల అతనికి కనబడలేదు. హిమజ లోపలికెళ్ళి బియ్యం కడిగింది. కడుగుతూ ఒక నిర్ణయానికొచ్చింది. రాగానే మనసు నెమ్మదించింది, అన్నం కూడా ఆ పూట బాగా కుదిరింది.

శుక్రవారం కైకలూరు వెళ్ళి, అక్కడ ఏలూరు బస్సెక్కారు. బస్సు కొల్లేరు మీదుగా వెళ్తుంటే ఇరుపక్కలా చెరువులు, గట్ల మీద కొంగలు, నీళ్ళు చిమ్ముతున్న ఏరేటర్లు. రత్నమాణిక్యం పక్కసీటావిడకి తన కొడుకు కరెంటు ఆఫీసులో చేస్తాడని చెబుతోంది. హిమజ చేతిసంచిలో నీళ్ళసీసా, పాత రిపోర్టులు, వాటి అడుగున పసుపు గుడ్డలో చుట్టిన బిళ్ళ ఉన్నాయి.

ఆసుపత్రిలో పద్ధతి ఎప్పటిలాగే ఉంది. భర్తలు బయట బల్లల మీద కూర్చుంటారు, ఫోన్లు చూసుకుంటారు, టీ తాగొస్తారు. భార్యలు అత్తగార్లతో లోపలికి వెళ్తారు. లోపల డాక్టరమ్మ నెమ్మదస్తురాలే, కానీ బయట జనం ఎక్కువ. పాత కాగితాలు తిరగేస్తూ అడగాల్సినవన్నీ మళ్ళీ అడిగింది. నెలసరి ఎప్పుడొచ్చింది, ఏం తింటావు, బరువులెత్తుతావా, మీ వైపు ఎవరికైనా ఇలా అయిందా? పెళ్ళికి ముందు ఏమైనా మందులు వాడావా? ఒక్కోదానికీ హిమజ నోరు తెరిచేలోపే రత్నమాణిక్యం జవాబు చెప్పింది.

"సరేనమ్మా, బల్ల మీద పడుకో, చూద్దాం" అంది డాక్టరమ్మ.

హిమజ లేవలేదు.

"మా ఆయన వెల్డరండీ. అణు కేంద్రంలో, లోపల పనిచేస్తారు. ఎన్నో ఏళ్ళుగా. మీకు కరెంటు ఆఫీసని చెప్పారు, నేనూ ఊరుకున్నాను. దానివల్లే ఇలా అయిందని నేననడం లేదు. అడగమంటున్నానంతే. ముందు ఆయన్ని పరీక్షించండి. అది తేలేదాకా నేను ఈ బల్ల ఎక్కనండీ, మూడో కడుపూ మొయ్యను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇది తనకెందుకు చెప్పలేదన్నట్టు రత్నమాణిక్యం వంక చూసింది. దానివల్లే అని చెప్పలేమనీ, అసలు పరీక్షే చెయ్యకుండా ఏదీ చెప్పలేమనీ, మొదటిసారే తను భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి అడగాల్సిందనీ అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గింది.

"మావాడికేం లోపం లేదండీ" అంది రత్నమాణిక్యం.

"పిలవండి" అంది డాక్టరమ్మ నర్సుతో.

హిమజ బయటికొచ్చేసరికి శ్రీకర్ లేచి నిలబడి ఉన్నాడు. నర్సు అతని పేరు పిలిచింది, అతని పేరు! చుట్టూ ఉన్న భర్తలందరూ ఫోన్లలోంచి తలెత్తి చూశారు. అతను హిమజ వంక చూశాడు. కోపంగా చూడాలనుకున్నాడు గానీ, బడిలో మొదటిరోజు పిల్లాడి చూపులా వచ్చింది. ఆమెకి జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన నిర్ణయం మారలేదు. సంచిలోంచి పసుపు మూట తీసింది. గుడ్డ విప్పి, అందరూ చూస్తుండగానే బిళ్ళని అతని చొక్కా జేబుకి క్లిప్పుతో పెట్టింది.

"ఇది మీదేనండీ" అంది. "వెళ్ళండి, పిలుస్తున్నారు."

అతను లోపలికి వెళ్ళాడు. ఆ వెనకాలే నర్సు రత్నమాణిక్యాన్ని బయటికి పంపించి తలుపు వేసింది. హిమజ అతను కూర్చున్న చోటే, మగవాళ్ళ బల్ల మీద కూర్చుంది. రత్నమాణిక్యం కాసేపు నిలబడి, ఎటు వెళ్ళాలో తోచక, పక్కనే చతికిలబడింది. చేతిలో కొంగు నలుపుతూ మూసిన తలుపు వంకే చూసింది.

"లోపల వాణ్ణి ఒక్కణ్ణీ కూచోబెట్టి ఏం అడుగుతారే?"

"ఇన్నాళ్ళూ నన్ను అడిగినవే, అత్తయ్యా" అంది హిమజ.